‘నూటికి రూపాయి లోపే’ అని బ్యాంకు అప్పు మార్పించారు, ఇప్పుడు ఇంటికి తాళం వేస్తామంటున్నారు

కొత్తవాడ దర్జీ

అందరికీ నమస్కారం. మాది వరంగల్ కొత్తవాడ. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, పెళ్ళిళ్ళ కాలంలో మగ్గం వర్కు చేస్తాను. మా ఆయనకు ట్రాలీ ఆటో ఉంది, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలుతాడు. ఇల్లు మా అత్తమ్మ పేరు మీద ఉంది. నూట పది గజాలు. ఆమె ముప్పై ఏళ్ళు జంపఖానాలు నేసి కొన్న జాగా అది. రేకులు తీసి స్లాబు వేయడానికి 2017లో ఒక ప్రభుత్వ బ్యాంకులో తొమ్మిది లక్షలు తీసుకున్నాం. నెలకు 9,128 రూపాయల కిస్తీ. ఏడేళ్ళలో ఒక్కటి తప్పలేదు. కరోనా అప్పుడు కూడా నా చెవుల కమ్మలు కుదువ పెట్టి కట్టాం.

2024 దసరా తరువాత అత్తమ్మ మోకాలి ఆపరేషను, పెద్దమ్మాయి నర్సింగ్ ఫీజు ఒకేసారి వచ్చి పడ్డాయి. బ్యాంకుకు వెళ్ళి ఇంకొంచెం ఇమ్మని అడిగితే, ఆదాయానికి కాగితాలు లేవు కాబట్టి రాదన్నారు. ఆ వారంలోనే నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఆమె తమ్ముడినంటూ ఒకతను వచ్చాడు. ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీకి ఏజెంటట. ‘బ్యాంకులో ఉన్న బాకీ మేమే కట్టేస్తాం అక్కా, మీ చేతికి పైన ఏడు లక్షల ఎనభై వేలు వస్తాయి, వడ్డీ నూటికి రూపాయి లోపే’ అన్నాడు. రూపాయి వడ్డీకి మా వాడకట్టులో సొంత అన్నదమ్ములు కూడా ఇవ్వరు. దసరా నాడు పాలపిట్ట కనబడినంత సంబరపడ్డాం.

నవంబరులో వాళ్ళ ఆఫీసుకు పిలిపించి నలభైకి పైగా సంతకాలు పెట్టించుకున్నారు. అన్నీ ఇంగ్లీషే. అత్తమ్మకు తెలుగులో తన పేరు రాయడం ఒక్కటే వచ్చు. అప్పు పద్నాలుగు లక్షలు. అందులో 6,10,000 పాత బ్యాంకుకు కట్టారు. మా ఖాతాలో పడింది 6,69,940. మిగిలిన లక్షా ఇరవై వేలు ఏమయ్యాయని అడిగితే ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కలిపి 49,560, ప్రాణానికి బీమా 63,000, లీగలు ఖర్చు 7,500 అన్నారు. కిస్తీ 25,226 అని అప్పుడే తెలిసింది. లేచి వచ్చేయవలసింది. కానీ పాత బ్యాంకుకు అప్పటికే చెక్కు రాసిచ్చామన్నారు, సోమవారం ఆసుపత్రిలో డబ్బు కట్టాలి. రాలేకపోయాం.

ఏడు కిస్తీలు కట్టాం. జూలైలో ములుగు రోడ్డులో ఆటో బోల్తా పడి మా ఆయన చెయ్యి విరిగింది. నాలుగు కిస్తీలు తప్పాయి. సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం, వాకిట్లో బతుకమ్మను పెట్టి పసుపు గౌరమ్మను చేస్తుంటే ఇద్దరు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. అందరూ వినేలా ‘అరవై రోజుల్లో ఈ ఇంటికి తాళం పడుతుంది’ అని చెప్పి వెళ్ళారు. ఆ రోజు అత్తమ్మ ఆడడానికి రాలేదు.

పోయిన వారం పదకొండు పేజీల ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. పక్కింటి పిల్లవాడు చదివి, వేరే రాష్ట్రంలో ఎవరినో ఆర్బిట్రేటరుగా, అంటే కోర్టు బయట తగాదా తేల్చే మధ్యవర్తిగా పెడుతున్నామని రాశారని చెప్పాడు. అప్పు మొత్తం తీర్చి కాగితాలు తీసుకుంటామంటే, ముందే కట్టినందుకు మరో నాలుగు శాతం ఇవ్వాలంటున్నారు.

నిజంగా ఇల్లు పోతుందా? రూపాయి అని చెప్పి ఇంత తీసుకోవడం చట్టంలో ఉందా? ఎవరి దగ్గరికి వెళ్ళాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

హంటర్ రోడ్డు కుర్రాడు

అక్కా, భయపడకండి. ఆ ఉత్తరాన్ని పట్టించుకోకండి, జవాబు ఇవ్వకపోతే వాళ్ళేమీ చేయలేరు. మా దగ్గర తెలిసిన ఫైనాన్షియరు ఉన్నాడు. మూడు రూపాయల వడ్డీకి ఇస్తాడు, ఈ కంపెనీని వదిలించుకోవచ్చు. ఇంటి మీద జీపీఏ, అంటే మీ తరఫున అమ్మే అధికారం కూడా ఇచ్చే కాగితం రాసిస్తే చాలు, రెండు రోజుల్లో పని అవుతుంది.

రిటైర్డు ఫీల్డాఫీసరు

పై సలహా జోలికి పోకండి అమ్మా. దాని సంగతి తరువాత మాట్లాడదాం.

నేను ముప్పై మూడేళ్ళు బ్యాంకులో చేశాను. నర్సంపేట, పరకాల, జనగామ అన్నీ తిరిగాను. మీ ప్రశ్న చదివాక క్యాలెండరు వెనక లెక్క వేశాను. చెబితే మీకు కోపం వస్తుంది. ఆ ఏజెంటు అబద్ధం చెప్పలేదు. అసలు మోసం అదే.

25,226ను పదేళ్ళకు, అంటే నూట ఇరవై కిస్తీలకు హెచ్చిస్తే 30,27,120. అందులో అసలు పద్నాలుగు లక్షలు తీసేస్తే వడ్డీ 16,27,120. నెలకు 13,559. పద్నాలుగు లక్షల మీద నూటికి ఎంత పడింది? తొంభై ఏడు పైసలు. రూపాయి లోపే! రేపు కోర్టులో నిలబెట్టినా అతను ఇదే లెక్క చూపిస్తాడు.

ఈ లెక్క నిజం కావాలంటే పద్నాలుగు లక్షలూ పదేళ్ళ పాటు మీ దగ్గరే ఉండాలి. మన ఊళ్ళలో చేబదులుకు రూపాయి వడ్డీ అంటే అంతే కదా, అసలు చివర్న ఒకేసారి ఇస్తాం. ఇక్కడ మీరు ప్రతి నెలా అసలులో కొంత తిరిగి ఇచ్చేస్తున్నారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి పద్దెనిమిది శాతం, అంటే నెలకు రూపాయిన్నర. అక్కడితో ఆగలేదు. మీకు అందింది పద్నాలుగు లక్షలు కాదు, బ్యాంకుకు కట్టినది కలిపినా 12,79,940. కిస్తీ మాత్రం పద్నాలుగు లక్షలకు కడుతున్నారు. అలా చూస్తే ఇరవైన్నర శాతం తేలుతుంది.

నాకు అన్నింటికంటే కడుపు మండింది ఆ ఆరు లక్షల పదివేల దగ్గర. ఆ డబ్బు మీకు కొత్తగా రాలేదు. మీ పాత అప్పు ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి మారిందంతే. పాత బ్యాంకులో దాని మీద నెల వడ్డీ నాలుగున్నర వేల చిల్లర. చేతులు మారిన మరుసటి నెల నుంచి అదే బాకీకి తొమ్మిది వేల పైచిలుకు. మీకు కావలసింది ఆపరేషనుకూ ఫీజుకూ ఆరేడు లక్షలు. దాని కోసం సవ్యంగా నడుస్తున్న ఇంటి అప్పును కూడా తెచ్చి మంటలో వేయించారు. ఇంటి కాగితాలు మొదటి తాకట్టుగా దొరకాలంటే పాత అప్పు తీరాలి మరి! ఏజెంటు ‘మేమే కట్టేస్తాం’ అన్నది మీ మీద దయతో కాదు.

ఇప్పుడు బీరువాలోంచి ఫైలు తీయండి. ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఉందేమో చూడండి. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఇచ్చిన సర్క్యులరు ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఇచ్చే ఇలాంటి అప్పులకు ఆ కాగితం తప్పనిసరి. మీది నవంబరు అప్పు, అంటే తప్పించుకునే వీలు లేదు. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. బీమా లాంటి ఖర్చులు కూడా కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో చూపించాలి. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. అందులో రాయని రుసుము మీ సమ్మతి లేకుండా వసూలు చేయకూడదు. దాని మీద తేదీ చూడండి, అగ్రిమెంటు మీద తేదీ చూడండి.

ఇంకో రెండు చూసి చెప్పండి. అప్పు ఎందుకు తీసుకున్నారన్న గడిలో ఏమి రాశారు? కంపెనీ హౌసింగ్ ఫైనాన్సు కంపెనీయా, మామూలు ఫైనాన్సు కంపెనీయా? పేరును బట్టి అనుకోవద్దు. రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో జాబితాలు ఉంటాయి, పక్కింటి పిల్లవాడిని వెతకమనండి. ఈ రెండో ప్రశ్నలోనే మీ ఇంటి తాళంచెవి ఉంది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. మీ బ్యాంకు మేనేజరు కుర్చీలో నేనున్నా ఆ రోజు అదే జవాబు ఇచ్చేవాడిని. కుట్టు మిషన్ల వాళ్ళను, ఆటోల వాళ్ళను ‘కాగితాలు లేవు, రాదమ్మా’ అని ఎంతమందిని పంపించానో. గుమ్మం దాటాక ఎవరి చేతిలో పడ్డారో అప్పుడు ఆలోచించలేదు.

కొత్తవాడ దర్జీ

సార్, తొంభై ఏడు పైసల లెక్క మా ఆయనకు మూడుసార్లు చదివి వినిపించాను. నోట మాట లేదు.

ఫైలు చూశాం. మీరు చెప్పిన కాగితం ఉంది, ఇంగ్లీషులో. అగ్రిమెంటు తేదీ, దాని తేదీ ఒకటే. శాతం దగ్గర 18 అని మాత్రమే ఉంది. వడ్డీ రకం ఫ్లోటింగ్, అంటే మారుతూ ఉండేది అని ఉంది. అప్పు ఎందుకు అన్నచోట ‘వ్యాపార విస్తరణ’ అని టైపు చేశారు. నేను ఆసుపత్రి చీటీ, కాలేజీ ఫీజు కాగితం రెండూ ఇచ్చాను. విస్తరణ ఎక్కడిది సార్, ఉన్నది రెండు మిషన్లు. కంపెనీ హౌసింగ్ జాబితాలో లేదు, మామూలు ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్సు కంపెనీ) జాబితాలో ఉంది.

హనుమకొండ వకీలు

అమ్మా, ఆ చివరి వాక్యం కోసమే ఎదురుచూశాను. గేటు దగ్గర నిలబడి అరవై రోజులు అన్నవాళ్ళు సర్ఫేసీ చట్టం పేరు చెప్పి భయపెడుతున్నారు. 2002లో వచ్చిన ఆ చట్టం కింద కోర్టుకు వెళ్ళకుండానే తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చన్నది నిజమే. కానీ మామూలు ఎన్‌బీఎఫ్‌సీలకు ఆ అధికారం అన్ని అప్పులకూ లేదు. 2021 ఫిబ్రవరి నుంచి ఉన్న పరిమితి ప్రకారం అసలు ఇరవై లక్షలు, ఆ పైన ఉంటేనే. మీది పద్నాలుగు. ఆ దారిలో వాళ్ళు తాళం వేయలేరు. అందుకే కదా, నోటీసు సర్ఫేసీది కాకుండా ఆర్బిట్రేషనుది వచ్చింది.

ఇది చదివే మిగతావాళ్ళకు ఒక హెచ్చరిక. బ్యాంకులకు గానీ, హౌసింగ్ ఫైనాన్సు కంపెనీలకు గానీ ఈ ఇరవై లక్షల గీత వర్తించదు. వాళ్ళ నుంచి ఆ చట్టం సెక్షన్ 13(2) కింద బాకీ కట్టమనే నోటీసు వస్తే అరవై రోజులు నిజంగానే మొదలైనట్టు. ఆ లోపల అభ్యంతరం రాసి పంపాలి, వాళ్ళు పదిహేను రోజుల్లో కారణాలతో జవాబు ఇవ్వాలి. ఆ తరువాత స్వాధీనానికి వస్తే నలభై అయిదు రోజుల్లో హైదరాబాదులోని రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. ఊళ్ళో సివిల్ కోర్టు సాధారణంగా వినదు. వేలం ప్రకటన పత్రికలో పడక ముందే బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవాలి. 2016 సవరణ తరువాత, ప్రకటన పడ్డాక ఆ హక్కు ఉండదు. చాలామంది నా దగ్గరికి వేలం ప్రకటన కత్తిరించుకుని వస్తారు.

మళ్ళీ మీ ఉత్తరానికి వద్దాం. పట్టించుకోవద్దన్న సలహా మీకు చేసేంత హాని ఆ కంపెనీ కూడా చేయలేదు. మీరు వెళ్ళకపోతే ఆర్బిట్రేటరు మీరు లేకుండానే తీర్పు ఇస్తారు, దాన్ని కోర్టు డిక్రీ లాగే అమలు చేయించవచ్చు. అప్పుడు ఇంటిని జప్తు చేయమని అడుగుతారు. కాబట్టి ఈ వారమే రిజిస్టర్డు పోస్టులో జవాబు వెళ్ళాలి. ‘మీరు ఒక్కరే ఎంచుకున్న వ్యక్తిని నేను ఒప్పుకోను’ అన్నది అందులో మొదటి మాట. వివాదంలో ఉన్న ఒక పక్షం తానే ఆర్బిట్రేటరును నియమించుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఏకపక్ష నియామకం తగదని తేల్చింది. దీనికి ఒక మినహాయింపు ఉంది: వివాదం వచ్చాక మీరే రాతపూర్వకంగా సరే అంటే ఆ అభ్యంతరం పోతుంది. అందుకే ‘వాయిదా తగ్గిస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి’ అని ఎవరైనా ఇంటికి కాగితం తెస్తే పెట్టకండి. అత్తమ్మ గారికి ముఖ్యంగా చెప్పండి. ఒకవేళ తీర్పు వచ్చేస్తే, అది చేతికి అందిన మూడు నెలల్లో కోర్టులో సవాలు చేయాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో ముప్పై రోజులు. ఆపైన ఒక్క రోజు కూడా ఇవ్వరు.

తాకట్టు పెట్టిన ఇంటిని తాకట్టు పేరుతోనే అమ్మించే విషయం ఆర్బిట్రేటరు తేల్చేది కాదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దానికి కోర్టులో దావా వేయాలి. అక్కడ ముందు ప్రిలిమినరీ డిక్రీ, అంటే తొలి తీర్పు ఇచ్చి, బాకీ కట్టడానికి ఆరు నెలల వరకు గడువు ఇస్తారు. ఇల్లు రేపో ఎల్లుండో పోయేది కాదని మీకు అర్థం కావడానికి ఇదంతా రాస్తున్నాను.

ఇక ఫిర్యాదులు. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. కాగితం తెలుగులో ఇవ్వలేదు, ఆలోచించుకునే గడువు ఇవ్వలేదు, బీమా కలపకుండా శాతం చూపించారు, చదువుకూ వైద్యానికీ తీసుకున్న అప్పును వ్యాపారం అని రాశారు. ఈ నాలుగూ చాలు. ఆసుపత్రి చీటీ నకలు జత చేయండి. వ్యాపారం అని ఎందుకు రాశారో తెలుసా? వ్యక్తులు వ్యాపారం కోసం కాకుండా తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ అప్పును ముందే తీర్చేస్తే రుసుము వసూలు చేయకూడదు. ఆ ఒక్క మాట మార్చి నాలుగు శాతం సంపాదించారు. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే అప్పుల విషయంలో వ్యాపారం అని రాసుకున్నా పెద్ద కంపెనీలకు ఆ వీలు ఉండదు, కానీ మీది అంతకు ముందుది.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు పెట్టిన ఫిర్యాదుల పరిష్కార అధికారి, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. ఖర్చు లేదు. 14448కు ఫోను చేస్తే ఎలాగో చెబుతారు. అది మీరే వేయాలి, వకీలు ద్వారా వేస్తే తీసుకోరు. అయితే అదే విషయం ఆర్బిట్రేటరు ముందో కోర్టులోనో నడుస్తుంటే అంబుడ్స్‌మన్ వినరు. అందుకే ఇవాళే కంపెనీకి రాయమంటున్నాను. వినియోగదారుల కమిషను ఇంకో దారి. వ్యాపార రుణం కదా, మీరు వినియోగదారు కాదని వాదిస్తారు. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం చేసుకునే పని వ్యాపారం అన్న మాట కిందికి రాదు, భయపడవద్దు. ఒప్పందమే అన్యాయమైనదని అడగాలంటే మాత్రం జిల్లాలో కాదు, హైదరాబాదులోని రాష్ట్ర కమిషనులో వేయాలి. రెండేళ్ళ గడువు గుర్తుంచుకోండి. మీ అప్పు 2024 నవంబరుది.

డబ్బు గురించి ఆలోచించవద్దు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 చట్టంలోనే రాసి ఉంది. అత్తమ్మ గారూ మీరూ ఇద్దరూ అర్హులే. హనుమకొండలో అదాలత్ అనే చోట ఉన్న కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోను చేయండి. మీ కాగితాలు చూడకుండా నేను ఇంతకంటే చెప్పకూడదు. చూసిన వకీలు చెప్పేదే వినండి.

వసూలుకు వచ్చేవాళ్ళు ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తరువాత ఫోను చేయకూడదు. నలుగురిలో పరువు తీయడం కూడా నియమాలకు విరుద్ధమే. బతుకమ్మ నాటి సంగతి తేదీ, సమయంతో రాసి, చూసిన ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు పెట్టుకోండి. మళ్ళీ వస్తే ఫోనులో రికార్డు చేసి పోలీసు స్టేషనులో ఇవ్వండి.

జమ్మికుంట పత్తి

జీపీఏ రాసిమ్మన్న తమ్ముడికి చెబుతున్నాను. మా మేనమామ అదే చేశాడు. పత్తి రెండేళ్ళు దెబ్బతిన్నాక అయిదు లక్షలకు మూడు రూపాయల వడ్డీ. ఫైనాన్షియరు తాకట్టు అనలేదు, ‘నమ్మకానికి’ అని అమ్మకపు ఒప్పందం, జీపీఏ కలిపి రిజిస్టరు చేయించుకున్నాడు. డబ్బు తిరిగి ఇస్తే ఇల్లు తిరిగి ఇస్తానన్న మాట ఒక తెల్ల కాగితం మీద విడిగా రాసిచ్చాడు. పద్దెనిమిది నెలలకు మామయ్య డబ్బు సర్దుకుని వెళ్ళేసరికి ఇల్లు మూడో మనిషికి రిజిస్టరు అయిపోయి ఉంది. ఈసీ, అంటే ఆస్తి లావాదేవీలు చూపించే కాగితం తీస్తే తెలిసింది.

షరతు మీద అమ్మిన ఆస్తిని తాకట్టుగా చూడాలంటే ఆ షరతు అమ్మకం కాగితంలోనే ఉండాలట. మాది విడి కాగితం. ఆరేళ్ళు తిరిగాం. చివరికి రాజీలో మూడు లక్షలు ఇచ్చాడు. మామయ్య ఇప్పుడు హుజూరాబాద్‌లో అద్దెకు ఉంటున్నాడు.

హంటర్ రోడ్డు కుర్రాడు

నాకు ఇదంతా తెలియదు అన్నా. మా బావ తీసుకున్నాడు కదా అని చెప్పాను. ఇప్పుడే అతనికి ఫోను చేస్తున్నాను, ఏమి కాగితం రాశాడో.

హనుమకొండ వకీలు

చేయండి. ఇంకొకటి, లైసెన్సు లేకుండా వడ్డీకి ఇచ్చేవాడు తెలంగాణలో బాకీకి దావా వేయాలన్నా చిక్కే. ఫసలీ 1349 నాటి నిజాం కాలపు చట్టం ఇంకా నడుస్తూనే ఉంది. అందుకే వాళ్ళు ప్రామిసరీ నోటు కంటే జీపీఏ ఇష్టపడతారు. కొత్తవాడ అమ్మ విషయంలో మాత్రం ఆ చట్టం పనికిరాదు. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

రిటైర్డు ఫీల్డాఫీసరు

వకీలు గారు చట్టం చెప్పారు. నేను కిస్తీ సంగతి చెబుతాను, ఎందుకంటే చట్టం గడువు ఇస్తుంది గానీ డబ్బు ఇవ్వదు.

మొత్తం ఆపేయకండి. పదివేలు ఉంటే పదివేలే ఖాతాకు పంపండి, పంపిన ప్రతిసారీ ‘ఆటో ప్రమాదం వల్ల ఇంతే కట్టగలిగాను, వాయిదా తగ్గించి కాలం పెంచండి’ అని ఒక ఉత్తరం వేయండి. వసూలుకు వచ్చినవాడి చేతికి రూపాయి కూడా ఇవ్వవద్దు. రేపు లోక్ అదాలత్‌లో కూర్చున్నప్పుడు ఆ ఉత్తరాలు మీ తరఫున మాట్లాడతాయి.

ఖాతా స్టేట్‌మెంటు అడిగి తీసుకోండి. తప్పిన కిస్తీలకు వేసిన జరిమానాను విడిగా చూపించారా, బాకీలో కలిపి దాని మీద మళ్ళీ వడ్డీ లాగుతున్నారా చూడండి. 2024 నుంచి అలా కలపకూడదు. ప్రతి కంపెనీ మారిందని నేను నమ్మను, నాలుగు నెలల స్టేట్‌మెంటులో దొరికిపోతుంది. బీమా 63,000కు సర్టిఫికెట్ అడగండి. మీ ఆయనకా, మీకా, అత్తమ్మ గారికా, ఎవరి ప్రాణానికి చేశారో కూడా మీకు తెలియదు చూడండి. అప్పు ముందే తీరితే మిగిలిన కాలానికి కొంత వెనక్కి రావాలి, ఆ మాట రాతలో తీసుకోండి.

మా ఆయన చెయ్యి బాగయ్యాక కట్టేస్తామని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నెలకు పాతిక వేలు కట్టే ఇల్లు కాదమ్మా మీది. నిష్ఠూరంగా ఉన్నా అంటున్నాను. రాజీలో జరిమానాలు, ఆ నాలుగు శాతం మాఫీ చేయించుకుని, మిగిలిన దాన్ని మళ్ళీ ఏదైనా ప్రభుత్వ బ్యాంకుకు మార్చుకోవాలి. అప్పులు ఎలా కట్టారో చూపించే సిబిల్ స్కోరు దెబ్బతిన్నది కాబట్టి ఇప్పుడే ఇవ్వరు, ఏడాది పట్టవచ్చు. మీ కుట్టు పని డబ్బు ఇవాళ్టి నుంచి చేతికి కాకుండా ఖాతాలోకి తీసుకోండి. జాకెట్‌కు అయిదు వందలైనా సరే ఫోను ద్వారానే. ఏడాది తరువాత మేనేజరు ‘ఆదాయానికి కాగితాలేవి’ అంటే పాస్‌బుక్కు ముందు పెట్టండి. అప్పు తీరిన రోజు ఇంటి దస్తావేజులు ముప్పై రోజుల్లో మీ చేతికి రావాలి, ఆలస్యం వాళ్ళదైతే రోజుకు అయిదు వేలు మీకు ఇవ్వాలి. దాన్ని కూడా రాసిపెట్టుకోండి.

కొత్తవాడ దర్జీ

అందరికీ దండాలు. వకీలు గారు చెప్పినట్టు రెండు ఉత్తరాలూ పోస్టు చేశాం, రసీదులు ఫైలులో పెట్టాను. సోమవారం అదాలత్‌కు వెళ్తున్నాం. మా ఆయన కట్టు ఇంకా విప్పలేదు కాబట్టి నేనూ అత్తమ్మా ఆటోలో వెళ్తాం. బతుకమ్మ నాడు ఎదురింటి వదిన, మూల ఇంటి అమ్మమ్మ చూశారు. వస్తామన్నారు.

నిన్న రాత్రి అత్తమ్మ తొంభై ఏడు పైసల లెక్కను నాతో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించుకుంది. నేత కూలి లెక్కలు ఆమె నోటితోనే చేసేది, ఎవరూ ఎప్పుడూ మోసం చేయలేకపోయారట. ‘నన్ను ఎవరూ లెక్క అడగలేదు, సంతకమే అడిగారు’ అంది. ఆ కాగితాన్ని జడ్జికి తానే చూపిస్తుందట.

ఒక్క సందేహం సార్. స్టేట్‌మెంటు ఇంగ్లీషులోనే ఇస్తామంటే తెలుగులో కావాలని అడగవచ్చా?

హనుమకొండ వకీలు

అడగండి. అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమమే. తెలుగులోనే ఉత్తరం రాసి అడగండి, అత్తమ్మ గారి సంతకంతో. సోమవారం పదిన్నరకల్లా చేరుకోండి, ఆధార్ నకళ్ళు రెండేసి పట్టుకెళ్ళండి.